జవాబు వచ్చింది సరే, అర్థమైందా? క్లాసులో గణితం ఎలా చెప్పాలి

ఏడో తరగతి పిల్లల్ని 3/4 ÷ 1/2 చేయమని అడిగితే చాలామంది రెండో భిన్నాన్ని తిరగేసి, గుణించి, చకచకా 3/2 అని రాసేస్తారు. సరైన జవాబే. వెంటనే ఇంకో మాట అడగండి: "భాగించాం కదా, మరి జవాబు మొదటి సంఖ్య కంటే పెద్దదెలా అయింది?" అప్పటిదాకా గడగడా చెప్పినవాళ్ళు కూడా ఆగిపోతారు, కొందరైతే తమ లెక్కే తప్పేమోనని కొట్టేసి మళ్ళీ మొదలుపెడతారు. అంటే వాళ్ళకి పద్ధతి వచ్చింది, భాగహారం అంటే ఏమిటో ఇంకా రాలేదు. రిచర్డ్ స్కెంప్ అనే బ్రిటిష్ గణిత విద్యావేత్త 1976లో ఈ తేడానే స్పష్టంగా విడదీసి చెప్పాడు: ఏం చేయాలో మాత్రమే తెలియడం ఒక రకం, ఎందుకలా చేయాలో కూడా తెలియడం ఇంకో రకం. మొదటిది తొందరగా వస్తుంది, వెంటనే మార్కులూ వస్తాయి, అందుకే క్లాసులు అటువైపే జారిపోతుంటాయి. కానీ అలా నేర్చుకున్న పిల్లలకి ప్రతి కొత్త పాఠం ఒక కొత్త బరువు, ఎందుకంటే పాత పాఠంతో దానికి ఉన్న సంబంధం వాళ్ళకి కనిపించదు.

ఇక్కడ రాస్తున్న పద్ధతులన్నిటికీ నేను పెట్టుకున్న కొలత ఒక్కటే: పిల్లలు ఎలా ఆలోచిస్తున్నారో టీచరుకి కనబడుతోందా లేదా. వస్తువులు తెచ్చినా, బొమ్మలు గీసినా, జంటలుగా కూర్చోబెట్టి మాట్లాడించినా, వాళ్ళ ఆలోచన బయటికి రాకపోతే ఆ పీరియడ్ సరదాగా గడుస్తుంది, అంతే.

పాఠానికి ముందు: తలలో ఇప్పటికే ఏముంది?

పిల్లలు చేసే తప్పుల్లో చాలావరకు అజాగ్రత్త వల్ల వచ్చేవి కావు. 52 − 27 అడిగితే 35 అని రాసిన పిల్లవాడు ప్రతి నిలువు వరసలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేస్తున్నాడు, 7లోంచి 2, 5లోంచి 2. అదే పిల్లవాడు 81 − 46 ని 45 అంటాడని మీరు ముందే ఊహించవచ్చు. బ్రౌన్, బర్టన్ అనే ఇద్దరు పరిశోధకులు 1978లో ఇదే గమనించారు: తీసివేతలో పిల్లల తప్పుల వెనుక ఒక క్రమం ఉంటుంది, వాళ్ళు ఒక తప్పుడు నియమాన్ని చాలా నమ్మకంగా పాటిస్తుంటారు. ఆ నియమం ఏమిటో పట్టుకోకుండా "జాగ్రత్తగా చెయ్యి" అని ఎన్నిసార్లు చెప్పినా ఉపయోగం ఉండదు, వాడు జాగ్రత్తగానే చేస్తున్నాడు మరి.

కాబట్టి ఏ పాఠమైనా మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాలు ఒకటి రెండు ప్రశ్నలకి కేటాయించండి. ఎలాంటి ప్రశ్న అంటే, ఒక్కో తప్పు జవాబు వెనుక ఒక్కో రకం ఆలోచన ఉన్నట్టు తెలియజేసేది. దశాంశాలు తీసుకుందాం. "0.3, 0.25, 0.125లో ఏది పెద్దది?" అని అడిగితే 0.125 అన్నవాళ్ళు చుక్క తర్వాత ఉన్నదాన్ని మామూలు సంఖ్యలా చదువుతున్నారు, 125 పెద్దది కాబట్టి అదే పెద్దది అంటున్నారు. 0.3 అన్నవాళ్ళంతా అర్థం చేసుకున్నట్టేనా? కాదు. కొంతమంది "వెయ్యో వంతులు చాలా చిన్నవి కదా, కాబట్టి ఎక్కువ అంకెలుంటే చిన్న సంఖ్య" అనే ఇంకో తప్పుడు లెక్కతో అదే జవాబుకి వస్తారు. వాళ్ళని కనిపెట్టాలంటే "0.6, 0.62లో ఏది పెద్దది?" అని కూడా అడగాలి, అక్కడ వాళ్ళు 0.6 అంటారు. ఈ రెండు ప్రశ్నలు కలిపి అడిగితే క్లాసులో ఎవరు ఎక్కడున్నారో చాలావరకు తెలిసిపోతుంది, ఒక్కటే అడిగితే సగం మంది దొరకరు.

సమాన చిహ్నం సంగతి కూడా ఇలాంటిదే, నా దృష్టిలో ఇది చిన్న తరగతుల్లో అన్నిటికంటే ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యే విషయం. 8 + 4 = □ + 5 అని బోర్డు మీద రాసి గడిలో ఏముండాలో అడగండి. చాలామంది 12 అంటారు, ఇంకొందరు అన్నీ కలిపేసి 17 అంటారు. వాళ్ళ దృష్టిలో ఆ రెండు గీతలకి "ఇప్పుడు జవాబు రాయి" అని అర్థం, రెండు వైపులా ఒకే విలువ ఉందని కాదు. ఇది ఇలాగే ఉండిపోతే తర్వాత సమీకరణాలు ఎంత బాగా చెప్పినా తలకెక్కవు. మందు సులభమే: మొదటి నుంచీ 12 = 7 + 5 అని తిరగేసి రాయడం, 8 + 4 = 7 + 5 లాంటివి రాసి "నిజమా, అబద్ధమా?" అని అడగడం. మనం కూడా బోర్డు మీద 5 + 3 = 8 × 2 = 16 − 4 = 12 అని గొలుసులా రాయడం మానేయాలి, ఎందుకంటే 5 + 3 ఎప్పటికీ 12 కాదు, పిల్లలు మన చేతిరాతలోంచే నేర్చుకుంటారు.

వస్తువు, బొమ్మ, గుర్తు

అమెరికన్ మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1960లలో చెప్పిన క్రమం ఇది: ముందు చేత్తో చేయడం, తర్వాత బొమ్మగా చూడడం, ఆ తర్వాతే గుర్తులతో రాయడం. 1980లలో సింగపూర్ తన గణిత బోధనని ఈ క్రమం మీదే నిలబెట్టింది. వినడానికి మామూలుగా ఉంటుంది కానీ క్లాసులో మనం చేసేది తరచుగా దీనికి సరిగ్గా ఉల్టా, ముందు సూత్రం రాసేసి తర్వాత తీరిక దొరికితే బొమ్మ గీస్తాం.

భిన్నాలకి వాడేసిన కాగితాలు చాలు. 1/2 + 1/3 చేయాలి. చాలామంది పిల్లలు పైవి పైవి, కిందివి కిందివి కలిపేసి 2/5 అంటారు. ఇది తప్పని మీరు చెప్పకండి, "2/5 అనేది సగం కంటే ఎక్కువా, తక్కువా?" అని అడగండి. తక్కువ. మరి సగానికి ఇంకొంచెం కలిపితే సగం కంటే తక్కువ ఎలా వస్తుంది? ఇప్పుడు వాళ్ళకే ఏదో తేడాగా ఉందని తెలుస్తుంది, అప్పుడు కాగితం ఇవ్వండి. నిలువుగా రెండు సమాన భాగాలుగా మడవమనండి, విప్పి అడ్డంగా మూడు భాగాలుగా మడవమనండి. విప్పితే 6 గడులు. సగం అంటే 3 గడులు, మూడో వంతు అంటే 2 గడులు, మొత్తం 6లో 5. హారాలు ఎందుకు సమానం చేస్తామో ఇక్కడ మీరు వివరించాల్సిన పని కూడా పెద్దగా ఉండదు, గడులు ఒకే సైజులో లేకపోతే లెక్కపెట్టలేమని వాళ్ళే అంటారు. ఒక జాగ్రత్త మాత్రం తీసుకోండి: ఇద్దరు పిల్లలకి వేర్వేరు సైజు కాగితాలు ఇస్తే "నా సగం నీ సగం కంటే పెద్దది" అనే గొడవ మొదలవుతుంది. మొదటిరోజు ఆ గొడవ వద్దు. రెండోరోజు కావాలనే అలా ఇవ్వండి, భిన్నం ఎప్పుడూ ఏదో ఒక మొత్తానికి సంబంధించినదే అని చెప్పడానికి అంతకంటే మంచి సందర్భం దొరకదు.

మొదట్లో అడిగిన 3/4 ÷ 1/2 కూడా ఇలాగే తేలుతుంది. "ముప్పావులో సగాలు ఎన్ని ఉన్నాయి?" అని చదవమనండి. కాగితంలో ముప్పావు భాగానికి రంగు వేసి, దాని మీద సగం ముక్క పెట్టి చూస్తే ఒకటి పూర్తిగా పడుతుంది, ఇంకా మిగిలింది సగం ముక్కలో సగం. అంటే ఒకటిన్నర, 3/2. జవాబు ఎందుకు పెరిగిందో ఇక వేరే చెప్పక్కర్లేదు.

అయితే వస్తువులు ఇచ్చేస్తే పాఠం అదే వచ్చేస్తుందనుకోవద్దు. అగ్గిపుల్లల కట్టలతో 52 − 27 చేయించి, ఆ తర్వాత వాటిని పక్కన పెట్టేసి బోర్డు మీద వేరేగా తీసివేత నేర్పితే పిల్లల దృష్టిలో అవి రెండు వేర్వేరు పనులు. ఒక కట్ట విప్పిన ప్రతిసారీ, అదే క్షణంలో నోటుబుక్కులో 5ని కొట్టేసి 4 రాయాలి, 2 దగ్గర 12 రాయాలి. చేతిలో జరిగిందీ కాగితం మీద జరిగిందీ ఒకటేనని అప్పుడే కుదురుతుంది. ఇక్కడ "అప్పు తెచ్చుకో" అనే మాట కంటే "ఒక పదిని విప్పు" అనే మాట మేలు, నిజంగా జరుగుతున్నది అదే కాబట్టి.

బొమ్మల్లో నేను అన్నిటికంటే ఎక్కువగా వాడమని చెప్పేది దీర్ఘచతురస్రం. 23 × 14 కి ఒక పెట్టె గీసి ఒక వైపు 20, 3 గా, ఇంకో వైపు 10, 4 గా విడగొడితే లోపల నాలుగు ముక్కలు వస్తాయి: 200, 80, 30, 12. కలిపితే 322. మూడేళ్ళ తర్వాత బీజగణితంలో ఎక్స్ + 3 ని ఎక్స్ + 4 తో గుణించేటప్పుడు అదే పెట్టె మళ్ళీ వస్తుంది, ఈసారి ముక్కలు ఎక్స్ వర్గం, 4ఎక్స్, 3ఎక్స్, 12. రెండు సంఖ్యల మొత్తాన్ని వర్గం చేసినప్పుడు మధ్యలో రెండు రెట్ల లబ్ధం ఎక్కడి నుంచి వస్తుందో, పిల్లలు దాన్ని ఎందుకు మర్చిపోతారో కూడా ఈ పెట్టెలోనే కనిపిస్తుంది, ఆ రెండు పక్క ముక్కల్ని వాళ్ళు చూడలేదు, అంతే. చిన్న తరగతి నుంచి పెద్ద తరగతి దాకా పనికొచ్చే బొమ్మలు కొన్నే ఉంటాయి (సంఖ్యారేఖ ఇంకొకటి), అందుకే ఏడాదికో కొత్త బొమ్మ నేర్పడం కంటే వీటినే మళ్ళీ మళ్ళీ వాడడం మంచిది.

రేఖాగణితంలో కొలిపించండి, కోయించండి. రకరకాల మూతలు, గిన్నెలు తెప్పించి దారంతో చుట్టుకొలత, స్కేలుతో వ్యాసం కొలిచి భాగిస్తే అందరికీ మూడు కంటే కొంచెం ఎక్కువే వస్తుంది. చిన్న మూతకీ పెద్ద పళ్ళేనికీ ఒకటే ఎందుకు వస్తోందని అడగండి. వృత్తాన్ని 16 సమాన ముక్కలుగా కోసి ఒకటి పైకి ఒకటి కిందికి పక్కపక్కన పేర్చితే దాదాపు దీర్ఘచతురస్రం అవుతుంది, పొడవు చుట్టుకొలతలో సగం, ఎత్తు వ్యాసార్థం, వైశాల్యం సూత్రం అక్కడే తయారవుతుంది. త్రిభుజం మూడు మూలలు చింపి పక్కపక్కన పెడితే సరళరేఖ వస్తుంది, అది చూపించండి, కానీ అక్కడ ఆపకండి: "మనం చింపిన ఈ త్రిభుజాలకి వచ్చింది, ప్రతి త్రిభుజానికీ ఇలాగే వస్తుందని ఎలా చెప్పగలం?" అని అడిగితే సమాంతర రేఖల దగ్గరికి వాళ్ళంతట వాళ్ళే రావలసిన అవసరం కలుగుతుంది.

కొన్నేళ్ళకే పనికిరాకుండా పోయే నియమాలు

చిన్న క్లాసులో పని తొందరగా అవ్వాలని మనం చెప్పే కొన్ని మాటలు తర్వాత పిల్లలకి అడ్డం పడతాయి. "గుణిస్తే పెరుగుతుంది, భాగిస్తే తగ్గుతుంది." భిన్నాలు రాగానే ఇది తప్పు. "చిన్నదాంట్లోంచి పెద్దది తీయలేం." ఋణ సంఖ్యలు రాగానే తప్పు, పైగా పైన చెప్పిన 35 జవాబుకి ఇదే మూలం కావచ్చు. "10తో గుణిస్తే చివర సున్నా పెట్టు." అలా పెట్టి 2.5 × 10 = 2.50 అని రాసిన పిల్లవాడు మీరు చెప్పిందే చేశాడు. అంకెలన్నీ ఒక స్థానం ఎడమకి జరుగుతాయని చెబితే రెండు చోట్లా నిలబడుతుంది. "అటువైపు వెళ్తే ప్లస్ మైనస్ అవుతుంది" అనేది వీటన్నిటిలోనూ ఎక్కువ నష్టం చేసేది. ఎక్స్ + 5 = 12 లో ఏదీ ఎటూ వెళ్ళడం లేదు, రెండు వైపుల నుంచీ 5 తీసేస్తున్నాం. ఈ వాక్యాన్ని కనీసం మొదటి రెండు వారాలు ప్రతి లెక్కలోనూ రాయించండి, వేగం తర్వాత అదే వస్తుంది. కారణం తెలియకుండా "అటువైపు" నేర్చుకున్నవాళ్ళు 3ఎక్స్ = 12 లో 3ని కూడా మైనస్ చేసి అటు పంపిస్తారు.

ఋణ సంఖ్యల గుణకారం దగ్గర "మైనస్, మైనస్ ప్లస్" అని కంఠస్థం చేయించే ముందు ఒక వరస రాయించండి: 3 × (−2) = −6, 2 × (−2) = −4, 1 × (−2) = −2, 0 × (−2) = 0. ప్రతి మెట్టుకీ జవాబు 2 పెరుగుతోంది. తర్వాతది (−1) × (−2), ఎంత ఉండాలి? పిల్లలే 2 అంటారు. క్రమం చెడకూడదనే కోరికే ఇక్కడ కారణమని చెప్పండి, ఆ వయసుకి అది నిజాయితీ గల వివరణ.

అడగండి, ఆగండి

మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970లలో ఎన్నో తరగతి గదుల రికార్డింగులు విని చూసింది. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను కూడా సరిగ్గా ఆగడం లేదు, ఆలోపే ఇంకో పిల్లవాడిని అడగడమో, తామే చెప్పేయడమో చేస్తున్నారు. అదే మూడు సెకన్లకి పైగా ఆగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, మామూలుగా నోరు తెరవనివాళ్ళు కూడా మాట్లాడారు. మూడు సెకన్లు వినడానికి తక్కువే, క్లాసు ముందు నిలబడి ఉన్నప్పుడు మాత్రం చాలా పొడవుగా అనిపిస్తుంది, అందుకే మనసులో లెక్కపెట్టుకోండి. జవాబు విన్నాక కూడా అంతే ఆగండి, తరచుగా ఆ పిల్లవాడే ఇంకో వాక్యం కలుపుతాడు.

చేతులెత్తిన నలుగురితోనే పాఠం నడిపించడం అన్నిటికంటే పెద్ద మోసం, ఎందుకంటే ఆ నలుగురికి వచ్చింది కాబట్టి క్లాసుకి వచ్చిందని మనల్ని మనమే నమ్మించుకుంటాం. దీనికి పలకని మించిన సాధనం లేదు. ప్రశ్న అడిగి, అందరూ రాశాక ఒక్కసారే పైకెత్తమంటే మొత్తం క్లాసు ఒక్క చూపులో కనిపిస్తుంది. పలకలు లేకపోతే పాత నోటుబుక్కు వెనుక పేజీ, అదీ లేకపోతే నాలుగు జవాబులిచ్చి వేళ్ళతో చూపించమన్నా సరిపోతుంది. ఒక్కసారే ఎత్తాలన్నది ముఖ్యం, లేదంటే పక్కవాడిని చూసి మార్చేస్తారు.

కష్టమైన ప్రశ్న అయితే ముందు ఒక్కొక్కరూ విడిగా ఆలోచించి ఏదో ఒకటి రాయాలి, తర్వాత పక్కవాళ్ళతో మాట్లాడుకోవాలి, ఆ తర్వాత క్లాసుకి చెప్పాలి. 1981లో ఫ్రాంక్ లైమన్ అనే అమెరికన్ విద్యావేత్త ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది, ఇందులో మొదటి మెట్టుని ఎప్పుడూ వదలకండి. నేరుగా జంటల్లో కూర్చోబెడితే ఒకరు చెబుతారు, ఇంకొకరు తలూపుతారు.

ఇంకొక అలవాటు చేసుకోండి. "ఎలా వచ్చింది?" అనే ప్రశ్న తప్పు జవాబుకి మాత్రమే అడిగితే అది తిట్టులాగా మారిపోతుంది, టీచరు అలా అడగ్గానే పిల్లవాడు జవాబు చెరిపేస్తాడు. సరైన జవాబుకి కూడా అంతే మామూలు గొంతుతో అడగండి. 7 × 8 = 56 అన్న పిల్లల్ని అడిగితే ఒకరు ఎక్కం చదివామంటారు, ఒకరు 7 × 7 కి ఇంకో 7 కలిపామంటారు, ఇంకొకరు ఐదు ఎనిమిదులు 40, రెండు ఎనిమిదులు 16 అంటారు. ఆ మూడూ బోర్డు మీద ఉంటే ఎక్కం మర్చిపోయిన పిల్లవాడికి కూడా ఒక దారి దొరుకుతుంది. (ఎక్కాలు నోటికి రాకపోయినా ఫర్వాలేదని నేను అనడం లేదు. భిన్నాల లెక్క మధ్యలో 7 × 8 కోసం వెతుక్కునే పిల్లవాడికి అసలు విషయం మీద పెట్టడానికి దృష్టి మిగలదు. ఎక్కాలు రావాలి, కానీ గడియారం పెట్టి టెన్షన్ పెట్టకుండా, ఒకదాంట్లోంచి ఇంకొకటి ఎలా వస్తుందో తెలిసి రావాలి.)

తప్పుని బోర్డు మీద పెట్టండి

హోంవర్కులో కనిపించిన ఒక మంచి తప్పుని, పేరు చెప్పకుండా, మీ చేతిరాతతో బోర్డు మీద రాయండి. "ఇలా చేసినవాళ్ళు ఏం ఆలోచించి ఉంటారు?" అన్నదే మొదటి ప్రశ్న కావాలి, "తప్పెక్కడ?" అనేది రెండోది. ఈ క్రమం మార్చకండి. తప్పు వెనుక ఉన్న ఆలోచనని గౌరవంగా చూసే క్లాసులో పిల్లలు దాచుకోవడం తగ్గుతుంది. దాని పక్కనే సరైన పరిష్కారం కూడా రాసి రెండింటినీ పోల్చమంటే చర్చ ఇంకా బాగా నడుస్తుంది.

జపాన్ టీచర్లు బోర్డు విషయంలో పాటించే ఒక పద్ధతి మనమూ తెచ్చుకోవచ్చు: పాఠం మొదటి నుంచి చివరి దాకా ఎడమ నుంచి కుడికి రాసుకుంటూ పోతారు, మధ్యలో చెరపరు. ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చామో పిల్లలకి ఎదురుగా ఉంటుంది. త్రిభుజ వైశాల్యం పాఠం ఇలా నడపవచ్చు: సూత్రం చెప్పకుండా గళ్ళ కాగితం మీద త్రిభుజం ఇచ్చి పది నిమిషాలు వదిలేయండి. మీరు వరసల మధ్య తిరుగుతూ ఎవరు ఏం చేస్తున్నారో చూసుకోండి, ఎవరిని ముందు పిలవాలో అప్పుడే నిర్ణయించుకోండి. గడులు లెక్కపెట్టిన పిల్లవాడు ముందు, ముక్క కోసి ఇటు అతికించిన అమ్మాయి తర్వాత, అలాంటిదే ఇంకో త్రిభుజం పెట్టి సమాంతర చతుర్భుజం చేసినవాళ్ళు చివర్లో. అన్నిటికంటే తెలివైన పరిష్కారాన్ని ముందే చెప్పిస్తే మిగతావాళ్ళు తమది దాచేసుకుంటారు. ఎవరికీ ఏమీ తట్టకపోయినా ఆ పది నిమిషాలు వృథా కావు, కష్టం ఎక్కడుందో తెలిసిన తర్వాత వినే వివరణ బాగా అందుతుంది.

నోటుబుక్కులు దిద్దేటప్పుడు ఒక్క మాట. రూత్ బట్లర్ అనే పరిశోధకురాలు 1988లో చేసిన ప్రయోగంలో కొందరు పిల్లలకి మార్కులు, కొందరికి వ్యాఖ్యలు, కొందరికి రెండూ ఇచ్చారు. మెరుగుపడింది వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్ళు. మార్కు కనిపిస్తే పిల్లలు కింద ఏం రాశారో చదవరు. కాబట్టి పరీక్షలు కానిచోట మార్కు వేయకండి, "మూడో లైనులో ఏదో జరిగింది, వెతుకు" అని ఒక్క వాక్యం రాసి, క్లాసులోనే వెతికే సమయం ఇవ్వండి. అందరి పుస్తకాల్లోనూ రోజూ రాయడం ఎవరి వల్లా కాదు, రోజుకో వరస చాలు.

మాటల లెక్కలు

"రాము దగ్గర 12 పెన్సిళ్ళు ఉన్నాయి. అవి సీత దగ్గరున్న వాటికంటే 5 ఎక్కువ. సీత దగ్గర ఎన్ని ఉన్నాయి?" దీనికి 17 అనే జవాబు రావడానికి కారణం పిల్లల తెలివితక్కువతనం కాదు, "ఎక్కువ అని ఉంటే కూడు, మిగిలింది అని ఉంటే తీసెయ్" అని మనమే చెప్పాం. ఈ గుర్తు మాటల చిట్కా పూర్తిగా మానేయండి. దానికి బదులు రెండు పొడవైన పట్టీలు గీయమనండి, ఎవరిది పొడవు, ఎవరిది పొట్టి, తేడా ఎక్కడ అని. పట్టీ సరిగ్గా గీసిన పిల్లవాడు దాదాపుగా లెక్క చేసేసినట్టే.

జార్జ్ పోల్యా అనే గణిత శాస్త్రవేత్త 1945లో సమస్యా పరిష్కారానికి నాలుగు మెట్లు చెప్పాడు: సమస్య అర్థం చేసుకోవడం, ఉపాయం ఆలోచించడం, అమలు చేయడం, వెనక్కి తిరిగి చూడడం. క్లాసులో మనం మూడోదాని మీదే ఉంటాం. మొదటిదానికి ఒక మంచి ఉపాయం, చివరి ప్రశ్న తీసేసి కథ మాత్రమే ఇవ్వడం. "దీని గురించి ఏమేం అడగొచ్చు?" అంటే సంఖ్యల్ని పట్టుకుని ఏదో ఒకటి చేసేయాలనే తొందర పోతుంది, చదవడం మొదలవుతుంది.

పెద్ద తరగతుల్లో దీనికి అన్న లాంటి సమస్య ఒకటి ఉంది. "విద్యార్థులు ఉపాధ్యాయుల కంటే 6 రెట్లు ఉన్నారు" అన్నదాన్ని సమీకరణంగా రాయమంటే, విద్యార్థుల సంఖ్య వి, ఉపాధ్యాయుల సంఖ్య ఉ అనుకుంటే, ఎంతోమంది 6వి = ఉ అని రాస్తారు, కాలేజీ విద్యార్థులు కూడా. వాక్యం వచ్చిన వరసలోనే రాసేయడం ఒక కారణం, అక్షరాన్ని సంఖ్యగా కాక మనిషికి పొట్టి పేరుగా చూడడం ఇంకో కారణం. అందుకే 5అ + 3బ ని ఐదు అరటిపళ్ళు, మూడు బత్తాయిలు అని చెప్పడం మంచిది కాదు, అలా చెబితే అ × బ దగ్గర చెప్పడానికేమీ ఉండదు. ఉ = 10 అయితే వి ఎంత, అని సంఖ్యలు వేసి చూడడం అలవాటు చేయించండి, తమ సమీకరణం తప్పని వాళ్ళే పట్టుకుంటారు.

సాధన

కొత్త విషయం మొదటిసారి చెప్పినప్పుడు పూర్తిగా చేసిన లెక్క ఒకటి, దాని పక్కనే పిల్లలు చేయాల్సిన అలాంటిదే ఇంకొకటి ఇవ్వండి. తర్వాత చివరి మెట్టు ఖాళీగా వదిలిన లెక్క, ఆ తర్వాత చివరి రెండు మెట్లు. ఒకేసారి అన్నీ వదిలేస్తే తలకి మించిన భారమవుతుందని మనస్తత్వవేత్త జాన్ స్వెల్లర్ 1980ల నుంచీ చెబుతున్నాడు. చేసిన లెక్క ఇచ్చినప్పుడు కూడా మధ్యలో "ఈ లైను ఎందుకు వచ్చింది?" అని ఒక గీత గీసి రాయించండి, లేకపోతే కాపీ కొట్టడమే అవుతుంది.

అదే రకం లెక్కలు ఇరవై వరసగా ఇవ్వడం మాత్రం మొదటి రోజుకే సరి. రోరర్, టేలర్ అనే పరిశోధకులు 2007లో నాలుగు రకాల ఘనపరిమాణ లెక్కల మీద కాలేజీ విద్యార్థులతో పరీక్షించారు. రకాలవారీగా విడివిడిగా సాధన చేసినవాళ్ళు సాధన సమయంలో 89 శాతం, కలగలిపి చేసినవాళ్ళు 60 శాతం సరిగ్గా చేశారు. వారం తర్వాత పరీక్ష పెడితే విడివిడిగా చేసినవాళ్ళకి 20 శాతం, కలగలిపి చేసినవాళ్ళకి 63 శాతం వచ్చింది. కారణం ఊహించగలిగేదే: కలిపి ఇచ్చినప్పుడు ఏ పద్ధతి వాడాలో కూడా పిల్లలే తేల్చుకోవాలి, పరీక్షలోనూ తర్వాతి జీవితంలోనూ పైన "పాఠం 6" అని రాసి ఉండదు కదా. అందుకే హోంవర్కులో పది లెక్కలుంటే ఈరోజువి నాలుగు, పోయిన వారానివి మూడు, పోయిన నెలవి మూడు ఇవ్వండి. మొదట్లో పిల్లలు ఎక్కువ తప్పులు చేస్తారు, తల్లిదండ్రులు అడుగుతారు, ఎందుకలా ఇస్తున్నారో వాళ్ళకి ముందే చెప్పి ఉంచండి.

సిలబస్ అవ్వాలి కదా

ఈ ప్రశ్న న్యాయమైనదే. ప్రతి పాఠాన్నీ ఇలా సాగదీస్తే సంవత్సరం చాలదు, అవసరం కూడా లేదు. మిగతావన్నీ దేని మీద నిలబడ్డాయో ఆ కొన్నిటికే సమయం పోయండి: స్థాన విలువ, సమాన చిహ్నం, భిన్నం అంటే ఏమిటి, నిష్పత్తి, చరరాశి. వీటిలో ఒక్కోదానికి రెండు మూడు పీరియడ్లు ఎక్కువ పడితే పడనివ్వండి, తర్వాతి పాఠాల్లో మళ్ళీ మొదటి నుంచి చెప్పే పని తగ్గి ఆ సమయం తిరిగి వస్తుంది. గణాంకాల్లో పట్టికలు నింపడం, కొలతల మార్పిడి లాంటివి నేరుగా చెప్పి, చేయించి ముందుకు వెళ్ళిపోవచ్చు.

పీరియడ్ ముగిసే ముందు నాలుగు నిమిషాలు మాత్రం రోజూ పక్కన పెట్టండి. చిన్న చీటీ మీద ఒకే ఒక్క ప్రశ్న, పేరు రాసి ఇచ్చేసి వెళ్ళాలి. భిన్నాల పాఠం అయితే "1/2 + 1/3 జవాబు 2/5 కాదని నీ తమ్ముడికి ఎలా చెబుతావు? బొమ్మ గీసి చూపించు" లాంటిది. చీటీల్ని మూడు కుప్పలు చేయడానికి పది నిమిషాలు పట్టదు: వచ్చినవాళ్ళు, దారిలో ఉన్నవాళ్ళు, రానివాళ్ళు. మూడో కుప్ప పెద్దదైతే రేపటి పాఠం మార్చుకోండి. చిన్నదైతే, మిగతావాళ్ళు కలగలుపు లెక్కలు చేసుకుంటుండగా ఆ ఐదారుగురిని దగ్గరికి పిలిచి మళ్ళీ కాగితం మడవడం దగ్గర నుంచి మొదలుపెట్టండి, ఈసారి మడతలు వాళ్ళని పెట్టమని, ఏం చేస్తున్నారో పైకి చెప్పమని అడగండి.